రంగు వేసే ముందు చూసే మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి

(హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నవాళ్లకు తెర కనబడుతోందా? కనబడకపోతే మొహమాటం లేకుండా ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈరోజు మాట్లాడేదంతా రంగుల గురించి కాబట్టి తెర కనబడకుంటే సగం విషయం పోతుంది.

మీరు రాసిన కమాండ్ లైన్ ప్రోగ్రామ్ నల్ల తెర మీద లైన్ల మీద లైన్లు కుమ్మరిస్తూ పోతుంది. అందులో ఎక్కడో ఒక ఎర్రర్ ఉంటుంది, అది కళ్లకు దొరకదు. దానికి ఎరుపు వేద్దాం అనిపిస్తుంది. నెట్‌లో వెతికితే ఒక్క లైన్ కోడ్ దొరుకుతుంది, తెచ్చి అతికిస్తే నిజంగానే ఎర్రగా వస్తుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుందని చెప్పడానికే వచ్చాను. రంగు మనిషి కంటి కోసం. ఇప్పుడు ఆ అవుట్‌పుట్‌ను మనిషి చూస్తున్నాడా, లేక ఇంకో ప్రోగ్రామ్ చదువుకుంటోందా? మనిషే అయితే ఆ రంగు ఆయనకు కనబడుతుందా? ఈ రెండూ కనుక్కోకుండా రంగు వేసే ప్రోగ్రామ్ ఎంత అందంగా ఉన్నా వాడేవాళ్లను పరేషాన్ చేస్తుంది.

ఉదాహరణకు మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డునే తీసుకుందాం. ఒక ఫైల్‌లో రోజువారీ మిర్చి ధరలు ఉన్నాయనుకోండి. ఒక్కో లైన్‌లో రకం పేరు, నిన్నటి ధర, ఇవాళ్టి ధర. తేజ, వండర్ హాట్, చపాట ఇట్లా. చపాటకు 2025లో జీఐ ట్యాగ్ వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. మన ప్రోగ్రామ్ ఈ ఫైల్ చదివి ధర పెరిగిన రకాన్ని పచ్చగా, తగ్గిన రకాన్ని ఎర్రగా చూపించాలి. ఇంతే పని.

ముందు రంగు ఎట్లా వస్తుందో చూద్దాం. ప్రోగ్రామ్ టెర్మినల్‌కు, అంటే కమాండ్లు నడిపే ఆ నల్ల తెర కిటికీకి, పంపేది బైట్లు, ఇంకేం లేదు. అక్షరాలు పోయే దారిలోనే రంగు కబురు కూడా పోవాలి. అందుకని 27వ నంబరు బైట్‌ను గుర్తుగా పెట్టుకున్నారు, దాన్నే ఎస్కేప్ అంటారు. ఎస్కేప్, వెంటనే స్క్వేర్ బ్రాకెట్, తర్వాత ఒక అంకె, చివర చిన్న ఎమ్. అంకె 31 అయితే ఎరుపు, 32 పచ్చ, 33 పసుపు, 34 నీలం. 0 పెడితే అంతా మామూలు స్థితికి వస్తుంది. 1 అంటే బోల్డ్, 4 అంటే కింద గీత. టెర్మినల్ ఈ వరుసను చూడగానే దాన్ని తెర మీద అచ్చువేయదు, మింగేసి ఆ తర్వాత వచ్చే అక్షరాలకు ఆ రంగు వేస్తుంది. మళ్లీ మార్చమని చెప్పేదాకా అదే రంగు నడుస్తుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇది ఇవాళ్టిది కాదు. ఎక్మా-48 అనే ప్రమాణం మొదటిసారి 1976లో వచ్చింది, డెక్ కంపెనీ వీటీ100 టెర్మినల్ 1978లో వచ్చింది, అమెరికా వాళ్ల ఆన్సీ ప్రమాణం 1979లో. వీటీ100కు అసలు రంగులే లేవు, బోల్డ్, అండర్‌లైన్, మిణుకుమిణుకు లాంటివే. కానీ ఆ యంత్రం నేర్పిన భాషనే మీ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ ఇప్పటికీ మాట్లాడుతోంది. తర్వాత 90 నుంచి 97 దాకా మెరిసే రంగులు కలిశాయి, ఆ తర్వాత 38, 5, ఆపై 0 నుంచి 255 లోపు ఒక అంకె, మధ్యలో సెమీకోలన్లు పెట్టి, 256 రంగులు వచ్చాయి. ఇప్పుడు చాలా టెర్మినళ్లు 38, 2 తర్వాత ఎరుపు, పచ్చ, నీలం విలువలు మూడూ ఇస్తే కోటీ అరవై లక్షలకు పైగా రంగుల్లో ఏదైనా చూపిస్తాయి.

ఎస్కేప్‌ను కోడ్‌లో ఎట్లా రాయాలన్న దగ్గర కొంచెం కిరికిరి ఉంది. సీ, పైథాన్, బాష్‌లో బ్యాక్‌స్లాష్ 033 అని రాస్తే నడుస్తుంది. జావాస్క్రిప్ట్ స్ట్రిక్ట్ మోడ్‌లో అట్లా రాస్తే ఒప్పుకోదు, బ్యాక్‌స్లాష్ ఎక్స్ 1బీ అని రాయాలి. షెల్ స్క్రిప్ట్ రాసేవాళ్లు ఎకోకు హైఫన్ ఈ (-e) అనే ఆప్షన్ తగిలించి వాడే అలవాటు మానుకోండి. ఉబుంటులో మామూలు ఎస్‌హెచ్ అంటే డాష్ షెల్, అక్కడ ఆ -e కూడా తెర మీద అచ్చవుతుంది. ప్రింట్ఎఫ్ వాడితే అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుంది.

ఇప్పుడు మన మిర్చి ప్రోగ్రామ్ దగ్గరికి వద్దాం. మొదటి వర్షన్‌లో లైన్ మొత్తానికి రంగు వేశాం. తెర మీద మస్తుగా ఉంది, తేజ పచ్చగా, వండర్ హాట్ ఎర్రగా. ఇప్పుడు దీన్నే ఒక ఫైల్‌లోకి పంపి, ఫైల్‌ను తెర మీద చూపించే క్యాట్ కమాండ్‌కు హైఫన్ వీ (కనబడని బైట్లను కూడా చూపించమని) పెట్టి తెరుస్తున్నా, చూడండి. ప్రతి లైన్ ముందు ఒక టోపీ గుర్తు, రెండు స్క్వేర్ బ్రాకెట్లు, 32 గానీ 31 గానీ, ఎమ్. చివర మళ్లీ అట్లాంటిదే సున్నాతో. ఈ చెత్తంతా మన కంటికి ఇందాక కనబడలేదు, ఎందుకంటే టెర్మినల్ మింగేసింది. ఫైల్ మింగదు, ఉన్నదున్నట్టు దాచుకుంటుంది. ఇప్పుడు తేజతో మొదలయ్యే లైన్లు కావాలని, ఫైల్‌లో మాటలు వెతికే గ్రెప్‌ను అడుగుతా. ఒక్కటీ రాలేదు. తేజ ఫైల్‌లో ఉంది, కానీ లైన్ మొదలయ్యేది ఎస్కేప్‌తో, తేజతో కాదు. పేర్ల వరుసలో పెట్టమని సార్ట్‌కు ఇస్తా. పేర్ల వరుస రాలేదు, ఎర్ర లైన్లన్నీ పైకి, పచ్చ లైన్లన్నీ కిందికి వచ్చాయి, ఎందుకంటే 31 ముందు, 32 తర్వాత.

సరే, లైన్ మొత్తం వద్దు, మారిన ధర ఒక్కదానికే రంగు వేద్దాం అన్నారనుకోండి. ఇది ఇంకా ప్రమాదం. ఇవాళ్టి ధరలన్నీ కూడమని, కాలమ్‌ల లెక్కలు చేసే ఆక్‌కు ఇస్తే, రంగు ఉన్న ధర ఎస్కేప్‌తో మొదలవుతుంది కాబట్టి దానికది అంకెలా కనబడదు, సున్నా కింద లెక్కేసుకుంటుంది. ధర మారని రకాలకు మనం రంగు వేయలేదు కదా, అవి మాత్రమే మొత్తంలోకి వస్తాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఒక మొత్తం వస్తుంది, అది తప్పు. ఇందాక గ్రెప్ ఏమీ ఇవ్వకపోతే కనీసం అనుమానం వచ్చింది, ఇక్కడ అది కూడా రాదు. రాత్రి క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకు తనంతట తానే, నడిచే స్క్రిప్ట్‌లో ఇది ఉంటే ఎన్నాళ్లకు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు.

దీనికి మందు చాలా చిన్నది, దశాబ్దాలుగా యూనిక్స్‌లో ఉన్నదే. ఈజ్ ఏ టీటీవై (isatty) అనే ఫంక్షన్. నా అవుట్‌పుట్ అవతలి కొసన టెర్మినల్ ఉందా అని అడుగుతుంది. ఉంటే రంగు, ఫైలో, అవుట్‌పుట్‌ను ఇంకో ప్రోగ్రామ్‌కు అందించే పైపో ఉంటే రంగు వద్దు. సీలో ఆ పేరుతోనే ఉంది, పైథాన్‌లో స్టాండర్డ్ అవుట్‌పుట్ మీదే మెథడ్‌గా ఉంది, షెల్‌లో స్క్వేర్ బ్రాకెట్ల మధ్య హైఫన్ టీ 1 అని రాస్తే చాలు. ఒక్క ఇఫ్ కండిషన్. ఇది పెట్టగానే ఇందాకటి గ్రెప్, సార్ట్, ఆక్ మూడూ దారిలోకి వస్తాయి.

ఇక్కడ తెలివైనవాళ్లు కూడా ఒకటి మర్చిపోతారు. ఫలితాలు పోయే స్టాండర్డ్ అవుట్‌పుట్ వేరు, ఎర్రర్లు పోయే స్టాండర్డ్ ఎర్రర్ వేరు. నేను ఫలితాన్ని ఫైల్‌లోకి పంపినా ఎర్రర్లు తెర మీదే పడతాయి. అప్పుడు ఎర్రర్‌కు రంగు ఉండాలి, ఫలితానికి ఉండొద్దు. కాబట్టి ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి అడిగి, అదే జవాబు రెండింటికీ వాడటం సరికాదు. ఏ దారిలో రాస్తున్నారో ఆ దారిని విడిగా అడగండి.

మనం కనుక్కున్నది ఒక ఎత్తు, వాడేవాళ్ల మాట ఇంకో ఎత్తు, వాళ్ల మాటే గెలవాలి. ఫైళ్ల జాబితా చూపించే గ్నూ ఎల్ఎస్‌లో, గ్రెప్‌లో కలర్ అనే ఆప్షన్‌కు మూడు విలువలు ఉంటాయి: ఆటో, ఆల్వేస్, నెవర్. మీ ప్రోగ్రామ్‌లో కూడా ఈ మూడే పెట్టండి, కొత్త పేర్లు కనిపెట్టొద్దు. ఆల్వేస్ ఎందుకంటే కొన్నిసార్లు అవతల పైప్ ఉన్నా ఆ పైప్ చివర మనిషే ఉంటాడు, పేజీలుగా చూపించే లెస్ కమాండ్‌కు హైఫన్ పెద్ద ఆర్ (-R) పెట్టి పేజీలు తిప్పుతున్నప్పుడు లాగా. ఆ తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉన్నాయి, అంటే ప్రోగ్రామ్ నడవకముందే షెల్‌లో పెట్టుకునే సెట్టింగ్‌లు. నో అండర్‌స్కోర్ కలర్ అని ఒకటి 2017 నుంచి వాడుకలోకి వచ్చింది. అందులో ఖాళీ కాకుండా ఏ విలువ ఉన్నా సరే, ఆ మనిషి రంగులు వద్దంటున్నట్టు లెక్క. 1 ఉందా, ట్రూ ఉందా అని చూడొద్దు, సున్నా పెట్టినా వద్దనే అర్థం. టర్మ్ అనే వేరియబుల్‌లో డంబ్ అని ఉంటే ఆ టెర్మినల్‌కు రంగులు రావు, ఆపేయండి. వరుస ఇట్లా ఉండాలి: కమాండ్‌లో ఇచ్చిన ఆప్షన్ ముందు, అది లేకుంటే వేరియబుల్, అదీ లేకుంటే టెర్మినల్ ఉందా లేదా అన్న ప్రశ్న.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, రంగు మార్చమని చెప్పేదాకా అదే నడుస్తుందని. ప్రోగ్రామ్ ఎరుపు మొదలుపెట్టింది, సున్నా పంపేలోపు ఎవరో కంట్రోల్ సీ కొట్టారు. ఇక ఆ టెర్మినల్‌లో ఏం టైప్ చేసినా ఎరుపే. కొత్తగా నేర్చుకునేవాళ్లు అయితే తామేదో పాడుచేశామని టెన్షన్ పడతారు. అందుకే వంద లైన్ల ముందు రంగు పెట్టి, వంద లైన్ల తర్వాత తీసేయడం వద్దు. ప్రతి ముక్కకూ అక్కడే పెట్టి అక్కడే తీసేయండి, అదీ కొత్త లైన్ గుర్తుకు ముందే తీసేయండి. అక్షరాల వెనక నేపథ్యానికి రంగు వేసి, సున్నాను కొత్త లైన్ తర్వాత పంపితే కొన్ని టెర్మినళ్లలో కింది లైన్ మొత్తం ఆ రంగుతో నిండిపోతుంది.

ఇక ఏ రంగులు అన్న ప్రశ్న. నా అభిప్రాయం గట్టిగా చెబుతా: మొదటి పదహారులోంచే (30 నుంచి 37, 90 నుంచి 97) తీసుకోండి, అందులోనూ మూడు నాలుగు మించొద్దు. ఎందుకంటే 31 అంటే ఎరుపు అని చెప్తున్నాం గానీ ఏ ఎరుపో నిర్ణయించేది ఆ మనిషి పెట్టుకున్న థీమ్. ఆయన కళ్లకు నప్పే ఎరుపును ఆయన ఎంచుకున్నాడు, దాన్ని గౌరవించాలి. కోటి రంగుల పద్ధతిలో మీరు పంపే రంగు థీమ్‌ను పట్టించుకోదు, మీ నల్ల తెర మీద లేత పసుపు ముచ్చటగా ఉంటుంది, తెల్ల థీమ్ పెట్టుకున్న పక్క సీటు అమ్మాయికి అక్కడ ఏమీ రాయనట్టే ఉంటుంది. పదహారులో కూడా ఉచ్చులు ఉన్నాయి. 90, అంటే మెరిసే నలుపు, బూడిద రంగులో వస్తుందని చాలామంది వాడతారు. సోలరైజ్డ్ చీకటి థీమ్‌లో అదే నేపథ్యం రంగు, కాబట్టి అక్షరాలు మాయం. పాత విండోస్ కన్సోల్‌లో ముదురు నీలం నల్ల తెర మీద చదవడమే కష్టంగా ఉండేది, 2017లో మైక్రోసాఫ్ట్ వాళ్లే ఆ రంగుల పట్టికను మార్చాల్సి వచ్చింది. మామూలు అక్షరాలకు తెలుపు అని, నలుపు అని చెప్పనే వద్దు, దాని పాటికి దాన్ని వదిలేయండి.

రంగు తేడా అందరికీ ఒకేలా కనబడదు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఎరుపు, పచ్చ తేడా పట్టడం కష్టం, ఆడవాళ్లలో ఇది బాగా తక్కువ. మన దేశంలోనూ ఉన్నారు, ఈ హాల్లోనూ ఉండొచ్చు. వాళ్లకు మన మిర్చి పట్టికలో ఏది పెరిగిందో ఏది తగ్గిందో తెలియదు, మనం ఎంచుకున్నవి సరిగ్గా ఆ రెండు రంగులే. కాబట్టి ధర పక్కన ప్లస్, మైనస్ పెట్టండి, లేదా పైకి, కిందికి బాణం పెట్టండి. రంగు పూర్తిగా తీసేసినా సమాచారం మొత్తం మిగలాలి. ఇది పాటిస్తే ఫైల్‌లోకి పంపినప్పుడు, ప్రింట్ తీసినప్పుడు కూడా ఏమీ పోదు.

రంగుకు అర్థం కూడా అందరికీ ఒకటే ఉండదు. ధర పెరిగితే పచ్చ అన్నాం, బండి నిండా బస్తాలు తెచ్చిన రైతుకు అది పచ్చే. కొనడానికి వచ్చిన వ్యాపారికి? చైనా స్టాక్ మార్కెట్ బోర్డుల మీద పెరిగినదానికి ఎరుపు, తగ్గినదానికి పచ్చ వేస్తారు. మీ ప్రోగ్రామ్ ఎవరి చేతిలోకి పోతుందో ఆలోచించి వేయండి, లేదంటే మార్చుకునే వీలు ఇవ్వండి.

మన తెలుగువాళ్లకు ఎదురయ్యే సంగతి ఒకటి ఉంది, ఇంగ్లిష్ పాఠాల్లో ఇది దొరకదు. గ్రెప్‌కు రంగు ఆన్ చేసి ఒట్టి మ కోసం వెతకండి, ఫైల్‌లో మిర్చి అని ఉంది. గ్రెప్ దృష్టిలో మ ఒక కోడ్, దాని మీది గుడి ఇంకో కోడ్. మ దొరికింది కాబట్టి దాని ముందు ఎరుపు, దాని తర్వాత ముగింపు పెడుతుంది. అంటే మ కూ గుడికీ మధ్యలో ఎస్కేప్ వరుస దూరింది. తెర మీద గుడి ఊడిపోయి చుక్కల సున్నా మీద వేలాడుతుంది, అక్షరం ఆగమాగం అవుతుంది. మీరు వెతికిన ముక్కకు రంగు వేసే ప్రోగ్రామ్ రాస్తుంటే తెలుగులో కనీసం అక్షరం మొత్తానికి వేయండి, పదం మొత్తానికి వేస్తే ఇంకా మంచిది, ఒత్తులు కూడా తెగవు. మిర్చి అనే రెండక్షరాల మాటకు పైథాన్ ఇచ్చే పొడవు 6. దానికి రంగు కోడ్‌లు కలిపితే ముందు 5, వెనక 4, మొత్తం 15 అవుతుంది. పన్నెండు గళ్ల కాలమ్‌లో సర్దమని అడిగితే 15 ఉంది కదా అని ఒక్క ఖాళీ కూడా ఇవ్వదు, పట్టిక వంకరపోతుంది. ముందు ఖాళీలు నింపి, ఆ తర్వాత రంగు వేయండి. తెలుగు అక్షరాల వెడల్పు టెర్మినల్‌కో తీరుగా ఉంటుంది కాబట్టి తెలుగు పేరును చివరి కాలమ్‌లో పెట్టడం నాకు తెలిసిన సులువైన దారి.

ఇంకోటి త్వరగా చెప్పేస్తా. బయటి నుంచి వచ్చిన మాటను అట్లాగే ప్రింట్ చేయొద్దు. ఫైల్ పేరులోనో, ఎవరో పంపిన డేటాలోనో ఎస్కేప్ బైట్ ఉండొచ్చు, అది రంగు మార్చడమే కాదు, తెర తుడిచేయగలదు, పై లైన్ మీద వేరేది రాసి మీకు అబద్ధం చూపించగలదు. తెర మీదికి పంపే ముందు ఆ ఎస్కేప్ బైట్‌ను తీసేయండి.

విండోస్ గురించి: 2015 నవంబర్ అప్‌డేట్ నుంచి విండోస్ 10 కన్సోల్‌కు ఈ కోడ్‌లు అర్థమవుతాయి, కాకపోతే వర్చువల్ టెర్మినల్ ప్రాసెసింగ్ అనే ఫ్లాగ్ ఆన్ చేయాలి. పైథాన్‌లో కలరామా అనే లైబ్రరీ ఆ పని చేసి పెడుతుంది. లైబ్రరీలు వాడొద్దని అనను, పైథాన్‌లో రిచ్ చాలా బాగుంటుంది, పట్టికలు, ప్రోగ్రెస్ బార్ కావాలంటే అదే వాడండి. కానీ రెండు రంగుల కోసం లైబ్రరీ తెచ్చుకునే ముందు ఆలోచించండి. 2025 సెప్టెంబర్‌లో నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ప్రపంచంలో అక్షరాలకు రంగు వేయడానికి చాలామంది వాడే చాక్ ప్యాకేజీలోకి, దాంతోపాటు ఇంకా కొన్ని ప్యాకేజీల్లోకి దొంగ కోడ్ ఎక్కింది, క్రిప్టో డబ్బులు మళ్లించే కోడ్. కొద్ది గంటల్లోనే పట్టుకుని తీసేశారు గానీ భయపడాల్సిన విషయమే. కొత్త నోడ్‌తోపాటే వచ్చే యుటిల్ మాడ్యూల్‌లోనే స్టైల్ టెక్స్ట్ అనే ఫంక్షన్ ఉంది, చిన్న పనులకు అది చాలు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: అక్కా, మా ఆఫీసులో బిల్డ్ సర్వర్ లాగ్ బ్రౌజర్‌లో చూస్తాం, అది రంగులు చూపిస్తుంది, కానీ అక్కడ టెర్మినల్ లేదు కదా, మరి ప్రోగ్రామ్ రంగు వేయదు. ఎట్లా?)

మంచి ప్రశ్న తమ్మీ. అక్కడ చూసేది మనిషే, కానీ ఆ సంగతి ప్రోగ్రామ్‌కు తెలిసే దారి లేదు. కాబట్టి మీరే చెప్పాలి. కలర్ ఆప్షన్‌కు ఆల్వేస్ ఇవ్వండి, లేదా ఫోర్స్ అండర్‌స్కోర్ కలర్ అనే వేరియబుల్ పెట్టండి, చాలా టూల్స్ దాన్ని ఒప్పుకుంటాయి. అయితే అదే లాగ్‌ను వేరే స్క్రిప్ట్ చదువుతుంటే ముందు దాని సంగతి చూసుకోండి, ఇందాకటి ఆక్ కథ మళ్లీ వస్తుంది.

(ఇంకొకరు: ఇవన్నీ సరిగ్గా చేశామో లేదో ఎట్లా తెలుస్తుంది అక్కా?)

చేతితో నాలుగు సార్లు నడిపి చూడండి. ఒకసారి మామూలుగా, రంగు రావాలి. ఒకసారి పైప్ పెట్టి క్యాట్ హైఫన్ వీకి పంపండి, ఒక్క టోపీ గుర్తు కూడా కనబడొద్దు. ఒకసారి నో కలర్ వేరియబుల్ పెట్టి టెర్మినల్‌లోనే, రంగు రావొద్దు. ఆఖరుసారి ఫలితాన్ని ఫైల్‌లోకి పంపి, కావాలని లేని ఫైల్ పేరు ఇచ్చి ఎర్రర్ తెప్పించండి, ఎర్రర్ తెర మీద రంగులోనే ఉండాలి, ఫైల్ మాత్రం శుభ్రంగా ఉండాలి. తర్వాత థీమ్‌ను తెల్లదానికి మార్చి మొదటిది మళ్లీ చూడండి. ఇప్పుడే చేద్దాం, ల్యాప్‌టాప్‌లు తీయండి, ప్లగ్ పాయింట్లు ఎడమ గోడకు ఉన్నాయి, మిర్చి ధరల ఫైల్ అందరికీ పంపిస్తున్నా.